ఇంక్‌జెట్ ఫోటో ప్రింటరు పునరుద్ధరణ

ఇంక్‌జెట్ ఫోటో ప్రింటరు పునరుద్ధరణ అనగా చాలాకాలం వాడకుండా ఉంచడం వలన సరిగా ముద్రించలేని స్థితికి చేరిన ఇంక్‌జెట్ ఫోటో ప్రింటరును పరీక్షించి, శుభ్రపరచి, మరల వాడుకకు తేవడం. ఇంక్‌జెట్ ప్రింటర్లు ఎక్కువగా వాడడం వలన కంటే వాడకపోవడం వలననే త్వరగా పాడవుతాయి. వీటిలోని సిరా ద్రవరూపంలో ఉండి, వెంట్రుక కంటే సన్నని రంధ్రాల గుండా బయటకు రావలసి ఉండడమే ఇందుకు కారణం. ఆ రంధ్రాల వద్ద సిరా ఎండిపోతే యంత్రంలోని మిగతా భాగాలన్నీ బాగున్నా ఫోటో సరిగా రాదు.

ఇటువంటి ప్రింటరును బాగుచేయాలా, లేక కొత్తది కొనాలా అన్నది ముఖ్యంగా మూడు విషయాలపై ఆధారపడి ఉంటుంది. అవి: సిరాను చిమ్మే ప్రింట్ హెడ్ యంత్రంలో ఎక్కడ అమర్చబడి ఉన్నది, అందులో ఎటువంటి సిరా ఎండిపోయినది, బాగుచేసే ప్రయత్నంలో ఎంత సిరా ఖర్చవుతుంది. ఈ మూడు తెలియకుండా కొత్త సిరా గుళికలు కొన్నవారు యంత్రం ధరకు సమానమైన సొమ్మును నష్టపోయే అవకాశం ఉన్నది. అలాగే, కొద్దిపాటి శుభ్రతతో బాగుపడే యంత్రాన్ని పారవేయడం కూడా తరచు జరుగుతుంది.

చరిత్ర

సిరాను కాగితంపైకి చిమ్మి గుర్తులు వేసే ఆలోచన పాతది. లార్డ్ కెల్విన్ 1867లో పేటెంటు పొందిన సైఫన్ రికార్డరు టెలిగ్రాఫు సంకేతాలను సన్నని గొట్టం నుండి వచ్చే సిరాతో కాగితపు పట్టీపై నమోదు చేసేది. 1951లో స్వీడన్‌కు చెందిన రూనె ఎల్మ్‌క్విస్ట్ రూపొందించిన మింగోగ్రాఫ్ అనే వైద్య పరికరం సిరా ధారతో శరీరంలోని విద్యుత్ సంకేతాలను గీసేది.

అవసరమైనప్పుడు మాత్రమే ఒక్కొక్క బిందువును చిమ్మే పద్ధతులు 1970వ దశకంలో అభివృద్ధి చెందాయి. 1977లో జపాన్‌లోని కానన్ సంస్థ పరిశోధకులు వేడి వలన సిరా చిమ్మబడడాన్ని గమనించి బబుల్ జెట్ విధానానికి రూపమిచ్చారు. హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ ఇదే సూత్రంపై స్వతంత్రంగా పనిచేసి 1984లో థింక్‌జెట్‌ను, 1988లో డెస్క్‌జెట్‌ను విడుదల చేసింది. ఎప్సన్ సంస్థ వేడికి బదులు పీజో స్ఫటికాలను ఎంచుకుంది. 1994లో వచ్చిన ఎప్సన్ స్టైలస్ కలర్ అంగుళానికి 720 చుక్కల స్పష్టతతో రంగుల చిత్రాలను ముద్రించి, ఇంటిలో ఫోటోలు ముద్రించుకోవడానికి దారి వేసింది. డిజిటల్ కెమెరాలు వ్యాపించిన 2000వ దశకంలో ఫోటో ప్రింటర్ల వాడుక బాగా పెరిగింది. తరువాత స్మార్ట్‌ఫోన్లలోనే ఫోటోలు చూసుకోవడం అలవాటు కావడంతో ఇళ్ళలోని అనేక ప్రింటర్లు మూలపడ్డాయి.

పనిచేయు విధానం

ఫోటో ప్రింటరులో సాధారణంగా నాలుగు నుండి ఆరు రంగుల సిరాలు ఉంటాయి. సయాన్, మజెంటా, పసుపు, నలుపు అనేవి మూల రంగులు. ఆరు రంగుల యంత్రాలలో వీటికి తోడు లేత సయాన్, లేత మజెంటా కూడా ఉంటాయి. మనిషి ముఖం, ఆకాశం వంటి లేత వర్ణాలను ముదురు సిరాతో ముద్రిస్తే చుక్కలు కంటికి కనిపిస్తాయి. లేత సిరాలు ఈ లోపాన్ని తొలగిస్తాయి. కాబట్టి లేత సిరా రంధ్రాలు కొన్ని మూసుకుపోయినా ముఖాలపై అడ్డుచారలు స్పష్టంగా కనిపిస్తాయి. అదే యంత్రంపై అక్షరాలు మాత్రం ఏ లోపమూ లేకుండా రావచ్చు.

సిరా వెలువడే రంధ్రాన్ని నాజిల్ అంటారు. 2000వ దశకంలో భారతదేశంతో సహా పలు దేశాలలో అమ్మిన ఎప్సన్ స్టైలస్ ఫోటో ఆర్230ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఇందులో ఒక్కొక్క రంగుకు 90 చొప్పున ఆరు రంగులకు 540 నాజిళ్ళు ఉంటాయి. ఇది చిమ్మే అతి చిన్న బిందువు పరిమాణం 3 పికోలీటర్లు. అనగా ఒక్క మిల్లీలీటరు సిరాతో ముప్పై కోట్లకు పైగా బిందువులు తయారవుతాయి. అటువంటి బిందువు వ్యాసం సుమారు 18 మైక్రోమీటర్లు మాత్రమే. మనిషి వెంట్రుక మందంలో ఇది నాలుగవ వంతు. ఇంత చిన్న మార్గాన్ని మూసివేయడానికి ఎండిన సిరా లేశమైనా చాలు.

ప్రింట్ హెడ్ రకాలు

బిందువును బయటకు నెట్టే విధానాన్ని బట్టి ప్రింట్ హెడ్‌లు రెండు రకాలు.

ఉష్ణ విధానం: నాజిల్ వెనుక ఉన్న అతి చిన్న నిరోధకం కొన్ని మైక్రోసెకన్లలో సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కుతుంది. దానికి ఆనుకొని ఉన్న సిరా ఆవిరి బుడగగా మారి, ముందున్న సిరాను బయటకు నెడుతుంది. కానన్, హెచ్‌పీ సంస్థల గృహ ప్రింటర్లలో ఈ విధానం వాడుతారు. సిరా ప్రవాహమే ఈ నిరోధకాలను చల్లబరుస్తుంది. కావున సిరా అందని నాజిళ్ళతో పుటల కొద్దీ ముద్రిస్తే నిరోధకాలు కాలిపోతాయి. అలా కాలిన హెడ్ ఎంత శుభ్రం చేసినా బాగుపడదు.

పీజో విధానం: విద్యుత్ పీడనం ప్రయోగించినప్పుడు ఆకారం మార్చుకునే స్ఫటికం సిరా గదిని నొక్కి బిందువును వెలువరిస్తుంది. ఎప్సన్ ప్రింటర్లు ఈ విధానంలో పనిచేస్తాయి. ఇందులో వేడి లేనందున హెడ్ చాలాకాలం మన్నుతుంది. అయితే సిరా గదిలో గాలి బుడగ చేరితే స్ఫటికం కలిగించే ఒత్తిడిని ఆ బుడగే పీల్చుకుంటుంది. అప్పుడు నాజిల్ శుభ్రంగా ఉన్నా బిందువు వెలువడదు.

హెడ్ అమర్చిన చోటును బట్టి ప్రింటర్లను మూడు రకాలుగా విభజించవచ్చు. పునరుద్ధరణ దృష్ట్యా ఈ విభజనే ముఖ్యమైనది.

మొదటి రకంలో హెడ్ సిరా గుళికకే అంటుకొని ఉంటుంది. హెచ్‌పీ, కానన్ సంస్థల తక్కువ ధర ప్రింటర్లు ఎక్కువగా ఈ రకానివే. గుళికను బయటకు తీసి చూస్తే అడుగున నాజిళ్ళు గల చిన్న లోహపు పలక, ప్రక్కన రాగిరంగు విద్యుత్ స్పర్శకాలు కనిపిస్తాయి. ఇటువంటి యంత్రంలో కొత్త గుళిక పెట్టడమంటే కొత్త హెడ్ పెట్టడమే. కనుక ఎన్ని సంవత్సరాలు వాడకపోయినా వీటిని తిరిగి పనిచేయించడం సులభం.

రెండవ రకంలో హెడ్ విడి భాగంగా ఉండి, సిరా గుళికలు దానిపై కూర్చుంటాయి. ఒక్కొక్క రంగుకు విడి గుళిక గల అనేక కానన్ ఫోటో ప్రింటర్లు ఈ రకానికి చెందినవి. ఈ హెడ్‌ను బయటకు తీసి శుభ్రపరచవచ్చు. కొన్ని నమూనాలకు కొత్త హెడ్ విడిగా దొరుకుతుంది కాని, దాని ధర చాలాసార్లు ప్రింటరు ధరకు దగ్గరగా ఉంటుంది.

మూడవ రకంలో హెడ్ యంత్రంలో శాశ్వతంగా బిగించబడి ఉంటుంది. ఎప్సన్ ఫోటో ప్రింటర్లు ఈ రకానివి. వీటిలో కొత్త గుళికలు పెట్టినంత మాత్రాన మూసుకుపోయిన హెడ్ తెరుచుకోదు. దీర్ఘకాలం మూలపడిన యంత్రాలలో ఎక్కువ శ్రమ, ఎక్కువ నష్టం కలిగించేది ఈ రకమే.

సిరా ఎండిపోవడానికి కారణాలు

ఇంక్‌జెట్ సిరాలో అధిక భాగం నీరు. దానితో పాటు రంగు పదార్థం, నీరు త్వరగా ఆవిరి కాకుండా ఆపే గ్లిజరాల్, గ్లైకాల్ వంటి ద్రవాలు, తలతన్యతను సరిచేసే పదార్థాలు ఉంటాయి. నాజిల్ అంచున సిరా నిరంతరం గాలిని తాకుతూ ఉంటుంది. నీరు ఆవిరైన కొద్దీ సిరా చిక్కబడి మొదట తేనె వలె, తరువాత జిగురు వలె, చివరకు గట్టి పొర వలె మారుతుంది.

సిరాలు రెండు రకాలు. డై సిరాలో రంగు నీటిలో పూర్తిగా కరిగి ఉంటుంది. అది ఎండిపోయినా నీటి స్పర్శ తగిలితే చాలావరకు మరల కరుగుతుంది. పిగ్మెంట్ సిరాలో రంగు కరగకుండా సూక్ష్మరేణువుల రూపంలో తేలియాడుతూ ఉంటుంది. ఆ రేణువులు ఒకసారి పరస్పరం అంటుకొని గట్టిపడితే నీటితో విడదీయడం కష్టం. పిగ్మెంట్ ముద్రణలు కాంతికి, గాలికి ఎక్కువకాలం తట్టుకుంటాయి కాని, పిగ్మెంట్ యంత్రాలు నిర్లక్ష్యాన్ని తక్కువగా తట్టుకుంటాయి. కొన్ని ప్రింటర్లలో అక్షరాల కొరకు పిగ్మెంట్ నలుపును, ఫోటోల కొరకు డై రంగులను కలిపి వాడుతారు. అటువంటి వాటిలో నలుపు ముందుగా మొరాయించడం సహజం.

వాతావరణం కూడా ప్రభావం చూపుతుంది. గృహ ప్రింటర్లకు తయారీదారులు సాధారణంగా 10 నుండి 35 డిగ్రీల ఉష్ణోగ్రతను, 20 నుండి 80 శాతం తేమను నిర్దేశిస్తారు. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో ఏప్రిల్, మే నెలలలో పగటి ఉష్ణోగ్రత తరచు 40 డిగ్రీలను దాటుతుంది, గాలిలో తేమ పడిపోతుంది. అటువంటి వేసవిలో పై అంతస్తు గదిలో కదపకుండా ఉంచిన యంత్రంలో సిరా వేగంగా ఎండుతుంది. కోస్తా ప్రాంతాలలో సిరా కొంత నెమ్మదిగా ఎండినా, తేమ వలన ఫోటో కాగితం పాడవుతుంది.

మూత, పంపు, వృథా సిరా ప్యాడ్

ప్రింటరు పని ముగించిన తరువాత హెడ్ ఒక చివరకు చేరి రబ్బరు మూతపై కూర్చుంటుంది. ఈ మూత నాజిళ్ళకు గాలి తగలకుండా కాపాడుతుంది. మూత క్రింద చిన్న పంపు ఉంటుంది. హెడ్‌ను శుభ్రపరిచే ఆదేశం ఇచ్చినప్పుడు ఈ పంపు నాజిళ్ళ ద్వారా సిరాను బయటకు లాగుతుంది. ప్రక్కనే ఉన్న రబ్బరు పట్టీ హెడ్ అడుగుభాగాన్ని తుడుస్తుంది.

యంత్రాన్ని దాని స్వంత మీటతో ఆపితేనే హెడ్ మూతపైకి చేరుతుంది. ముద్రణ మధ్యలో గోడ స్విచ్చి ఆపినా, కరెంటు పోయినా హెడ్ మూత పడకుండా మధ్యలోనే నిలిచిపోతుంది. ఆ స్థితిలో కొద్దిరోజులు ఉంటే చాలు, నాజిళ్ళు మూసుకుపోతాయి. విద్యుత్ కోతలు గల ప్రాంతాలలో ప్రింటర్లు పాడవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

పంపు లాగిన సిరా యంత్రం అడుగున ఉండే స్పాంజి వంటి ప్యాడ్‌లోకి చేరుతుంది. ఎంత సిరా చేరినదో యంత్రమే లెక్కిస్తుంది. లెక్క పరిమితికి చేరగానే ప్యాడ్ నిండినదని తెలిపి ముద్రణను నిలిపివేస్తుంది. ఈ విధమైన నిలుపుదల పలు దేశాలలో విమర్శకు గురైనది. ఫ్రాన్స్‌లో ఒక వినియోగదారుల సంఘం ఫిర్యాదుపై 2017 నవంబరులో ఎప్సన్ సంస్థపై విచారణ ప్రారంభమైనది. తరువాత వచ్చిన అనేక నమూనాలలో ప్యాడ్‌ను వాడుకదారే మార్చుకోగల పెట్టె రూపంలో అమర్చారు.

పునరుద్ధరణకు ముందు పరిశీలన

యంత్రానికి విద్యుత్తు ఇవ్వక ముందే కొన్నిటిని చూడవలసి ఉంటుంది.

- లోపల దుమ్ము, సాలెగూళ్ళు, పురుగులు, కాగితపు ముక్కలు ఉంటే తొలగించాలి.
- కాగితాన్ని లాగే రబ్బరు చక్రాలు నున్నగా మారి ఉంటే తడి గుడ్డతో తుడవాలి. రబ్బరు పగిలి జిగురుగా మారితే మార్చక తప్పదు.
- ఈ నమూనాకు కొత్త సిరా గుళికలు దొరుకుతున్నాయా అన్నది విచారించాలి. గుళికలు దొరకని యంత్రంపై శ్రమ పెట్టడం వృథా.
- పాత గుళికల మీద ముద్రించిన తేదీ చూడాలి. తెరిచిన గుళికను ఆరు నెలలలో వాడుకోవాలని ఎప్సన్ సూచిస్తుంది.
- కంప్యూటరుకు తగిన డ్రైవరు దొరుకుతున్నదో లేదో నిర్ధారించుకోవాలి.

డ్రైవరు విషయం తరచు మరుగున పడుతుంది. 2021లో విడుదలైన విండోస్ 11 కేవలం 64 బిట్ల రూపంలోనే లభిస్తుంది. అందులో పాత 32 బిట్ల డ్రైవర్లు పనిచేయవు. లినక్స్‌లో మాత్రం కప్స్ ముద్రణ వ్యవస్థ ద్వారా గుటెన్‌ప్రింట్ అనే స్వేచ్ఛా డ్రైవర్ల సమూహం ఎన్నో పాత ఎప్సన్, కానన్ ప్రింటర్లను నడిపించగలదు. హెచ్‌పీ యంత్రాల కొరకు హెచ్‌పీలిప్ అనే సాఫ్టువేరు ఉన్నది. కావున తయారీదారు వదిలివేసిన యంత్రం కూడా పాత కంప్యూటరులో లినక్స్ స్థాపిస్తే పనిచేయవచ్చు.

నాజిల్ పరీక్ష

ప్రతి ప్రింటరులోను నాజిల్ పరీక్ష సౌకర్యం ఉంటుంది. దీనికి చాలా తక్కువ సిరా ఖర్చవుతుంది, సాధారణ తెల్ల కాగితం చాలు. ఒక్కొక్క నాజిల్ ఒక్కొక్క చిన్న గీత గీస్తుంది. గీత లేని చోట నాజిల్ పనిచేయడం లేదని అర్థం. పసుపు రంగులోని ఖాళీలు తెల్ల కాగితంపై సరిగా కనిపించవు కాబట్టి మంచి వెలుతురులో పరిశీలించాలి.

ఒకే పరీక్షతో నిర్ణయానికి రాకూడదు. పరీక్షను రెండు మూడు సార్లు చేసి కాగితాలను పోల్చి చూస్తే లోపం ఎక్కడున్నదో తెలుస్తుంది.

- ప్రతిసారీ అవే గీతలు లేకపోతే ఆ నాజిళ్ళలో సిరా గట్టిపడినదని గాని, ఉష్ణ విధానపు హెడ్ అయితే ఆ నిరోధకాలు కాలిపోయినవని గాని భావించవచ్చు.
- ఖాళీలు ఒక్కొక్కసారి ఒక్కొక్క చోట కనిపిస్తే హెడ్‌లో గాలి చేరినది, లేదా సిరా సరిగా అందడం లేదు.
- ఒక రంగు మొత్తంగా రాకపోతే గుళిక ఖాళీ అయి ఉండవచ్చు. కొత్త గుళిక అయితే గాలి రంధ్రంపై ఉన్న పట్టీని తొలగించారా లేదా చూడాలి.
- అన్ని రంగులూ ఒకేసారి రాకపోతే మూత లేదా పంపు లోపాన్ని ముందుగా అనుమానించాలి.

పంపును పరీక్షించడానికి ఒక సులభమైన పద్ధతి ఉన్నది. హెడ్ ప్రక్కకు జరిగినప్పుడు మూతలో కొన్ని చుక్కల శుద్ధజలం వేసి, హెడ్ శుద్ధి ఆదేశం ఇవ్వాలి. శుద్ధి ముగిసిన తరువాత నీరు మాయమైతే పంపు పనిచేస్తున్నది. నీరు అలాగే ఉంటే పంపు గొట్టం మూసుకుపోయినది. ఈ స్థితిలో ఎన్నిసార్లు శుద్ధి ఆదేశం ఇచ్చినా ప్రయోజనం ఉండదు.

హెడ్ శుద్ధి

యంత్రం ద్వారా శుద్ధి: నాజిల్ పరీక్షలో ఖాళీలు ఉంటే ప్రింటరులోని హెడ్ శుద్ధి ఆదేశాన్ని వాడాలి. ప్రతి శుద్ధి తరువాత మరల నాజిల్ పరీక్ష చేసి ఫలితాన్ని పోల్చాలి. మూడు సార్లకు మించి వరుసగా చేయకూడదు. మార్పు లేకుంటే యంత్రాన్ని ఆపి కనీసం 6 గంటలు, కొన్ని నమూనాలకు 12 గంటలు, విశ్రాంతి ఇవ్వాలని తయారీదారుల సూచనలలో ఉంటుంది. ఈ విరామంలో కొత్త సిరా పాత పొరను నెమ్మదిగా కరిగిస్తుంది, గాలి బుడగలు కూడా సర్దుకుంటాయి. విరామం లేకుండా పదేపదే శుద్ధి చేస్తే పంపు లోనికి మరింత గాలిని లాగి పరిస్థితి విషమించవచ్చు. అంతేగాక ఒక రంగులో లోపం ఉన్నా చాలా యంత్రాలు అన్ని రంగుల సిరాను పంపి వేస్తాయి. ఆ సిరా అంతా వృథా ప్యాడ్‌కు చేరుతుంది. ఈ విధంగా ఒక్క ఫోటో కూడా ముద్రించకుండానే కొత్త గుళికలు సగం ఖాళీ కావచ్చు.

గుళికకు అంటుకొన్న హెడ్: గోరువెచ్చని శుద్ధజలంతో తడిపిన, నూలుపోగులు రాలని గుడ్డపై గుళిక అడుగును ఒకటి రెండు నిమిషాలు ఆనించి ఉంచాలి. గుడ్డపై రంగు స్పష్టమైన పట్టీలుగా దిగితే నాజిళ్ళు తెరుచుకున్నట్లే. మూడు రంగుల గుళికలో మూడు పట్టీలూ కనిపించాలి. రాగి స్పర్శకాలను తడి లేకుండా తుడిచిన తరువాతనే గుళికను తిరిగి అమర్చాలి.

విడదీయగల హెడ్: దీనిని తీసి గోరువెచ్చని శుద్ధజలంలో నాజిళ్ళ భాగం మాత్రమే మునిగేలా ఉంచాలి. నీరు రంగు మారినప్పుడల్లా మార్చాలి. విద్యుత్ స్పర్శకాలకు నీరు తగలకుండా చూడాలి. పూర్తిగా ఆరకముందే హెడ్‌ను యంత్రంలో పెట్టి కరెంటు ఇస్తే స్పర్శకాల వద్ద షార్టు సర్క్యూట్ ఏర్పడి హెడ్‌తో పాటు ప్రింటరులోని సర్క్యూటు బోర్డు కూడా కాలిపోవచ్చు. కాబట్టి ఒక రోజంతా ఆరనివ్వడం మంచిది.

స్థిరమైన హెడ్: కరెంటు ప్లగ్గు తీసివేసి హెడ్‌ను చేతితో మెల్లగా ప్రక్కకు జరిపి, మూతను, రబ్బరు పట్టీని శుభ్రపరచాలి. తరువాత శుద్ధజలంతో తడిపిన గుడ్డ మడతను హెడ్ దారిలో ఉంచి, హెడ్‌ను దానిపైకి జరిపి కొన్ని గంటలు వదలవచ్చు. నాజిళ్ళ పలకను గట్టిగా రుద్దకూడదు. దానిపై సిరాను వికర్షించే పలుచని పూత ఉంటుంది. అది చెరిగితే బిందువులు పక్కదారి పడతాయి. సిరంజితో పైనుండి ద్రవాన్ని ఎక్కించే పద్ధతి కూడా వాడుకలో ఉన్నది కాని, ఒత్తిడి ఎక్కువైతే హెడ్ లోపలి పొరలు విడిపోతాయి. కనుక అది చివరి ప్రయత్నం మాత్రమే.

శుభ్రతకు కుళాయి నీరు, బోరు నీరు పనికిరావు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఆరిన తరువాత నాజిళ్ళలోనే నిలిచిపోతాయి. బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటరు దీనికి తగినది. మరిగే నీరు, అసిటోను, పెయింటు థిన్నరు వంటివి ప్లాస్టిక్కును, జిగురు అతుకులను పాడుచేస్తాయి.

పాత ఫోటో కాగితం

హెడ్ బాగుపడిన తరువాత కూడా ఫోటో మసకగా వస్తే కాగితాన్ని పరిశీలించాలి. ఇంక్‌జెట్ ఫోటో కాగితంపై సిరాను పీల్చుకునే పూత ఉంటుంది. త్వరగా ఆరే రకాలలో సిలికా లేదా అల్యూమినా రేణువుల సచ్ఛిద్ర పూత వాడుతారు. తెరిచి ఉంచిన ప్యాకెట్టులోని కాగితం గాలిలోని వాయువులను, తేమను పీల్చుకొని అంచులు పసుపెక్కుతుంది, వంపు తిరుగుతుంది. వంగిన కాగితం హెడ్‌కు తగిలి కొత్త లోపాన్ని తెచ్చిపెడుతుంది. అలాగే సెట్టింగులలో కాగితం రకాన్ని తప్పుగా ఎంచుకుంటే సిరా మోతాదు మారి రంగులు చెదురుతాయి. దీనిని హెడ్ లోపమని పొరబడడం సాధారణం.

మార్చవలసిన సందర్భాలు

బాగుచేయడానికి అయ్యే ఖర్చును లెక్కించేటప్పుడు గుళికల ధరతో పాటు శుద్ధిలో పోయే సిరాను కూడా కలపాలి. ఉదాహరణకు ఆరు గుళికల ప్రింటరులో ఒక్కొక్క గుళిక ధర 900 రూపాయలు అనుకుంటే మొత్తం 5,400 రూపాయలు అవుతుంది. శుద్ధిలో సగం సిరా పోతే 2,700 రూపాయలు ఫోటో లేకుండానే ఖర్చయినట్లు. హెడ్ బాగుపడకపోతే మొత్తం సొమ్ము నష్టమే. అందువలన కొత్త గుళికలు కొనక ముందే శుద్ధజలంతో చేయగలిగిన శుభ్రత అంతా పూర్తిచేయడం వివేకం.

క్రింది సందర్భాలలో కొత్త యంత్రం కొనడమే మేలని భావిస్తారు.

- గుళికల తయారీ నిలిచిపోయినప్పుడు.
- స్థిరమైన హెడ్‌లో పిగ్మెంట్ సిరా సంవత్సరాల తరబడి ఎండినప్పుడు.
- రెండు మూడు రోజుల వ్యవధిలో చేసిన శుద్ధుల తరువాత కూడా అవే నాజిళ్ళు మూసుకొని ఉన్నప్పుడు.
- ఉష్ణ విధానపు హెడ్‌లో నిరోధకాలు కాలినప్పుడు.
- వృథా ప్యాడ్ నిండి, దానిని మార్చే సౌకర్యం లేనప్పుడు.

హెడ్ గుళికలోనే ఉన్న యంత్రాలలో మాత్రం గుళిక దొరికినంత కాలం ఒకసారి కొత్తది పెట్టి చూడడం లాభదాయకం.

ప్రత్యామ్నాయాలు

సిరా ట్యాంకు ప్రింటర్లు: వీటిలో గుళికలకు బదులు సీసాతో నింపుకునే తొట్లు ఉంటాయి. ఎప్సన్ సంస్థ 2010లో ఇండోనేషియాలో వీటిని మొదటగా ప్రవేశపెట్టింది. తరువాత కానన్, హెచ్‌పీ సంస్థలు కూడా ఇటువంటివి తయారుచేశాయి. ఎల్800, ఎల్805 వంటి ఆరు రంగుల నమూనాలు పాస్‌పోర్టు ఫోటోలు తీసే చిన్న దుకాణాలలో ప్రాచుర్యం పొందాయి. వీటిలో ఫోటో ఒక్కింటికి అయ్యే సిరా ఖర్చు చాలా తక్కువ. అయితే ఎప్సన్ ట్యాంకు యంత్రాలలోనూ హెడ్ స్థిరమైనదే. నెలల తరబడి వాడకపోతే ఇవి కూడా పాత యంత్రం వలెనే మూసుకుపోతాయి. సిరా చౌకైనంత మాత్రాన ఎండకుండా ఉండదు.

డై సబ్లిమేషన్ ప్రింటర్లు: ఇవి ద్రవ సిరాను వాడవు. పలుచని రిబ్బనుపై పూసిన రంగు వేడికి ఆవిరై ప్రత్యేక కాగితంలోకి ఇంకుతుంది. పసుపు, మజెంటా, సయాన్ రంగులు ఒకదాని తరువాత ఒకటి పడి, చివర పారదర్శకమైన రక్షణ పొర ఏర్పడుతుంది. కానన్ సెల్ఫీ సీపీ శ్రేణి ఇందుకు ఉదాహరణ. ఎండిపోయే నాజిళ్ళే లేనందున సంవత్సరానికి రెండు మూడు సార్లు మాత్రమే ముద్రించేవారికి ఇవి అనువైనవి. కాగితం పరిమాణం చిన్నది కావడం, రిబ్బను, కాగితం కలిపి తయారీదారు వద్దనే కొనవలసి రావడం వీటిలోని పరిమితులు.

ఫోటో ల్యాబులు: సంవత్సరానికి కొద్ది ఫోటోలు మాత్రమే అవసరమయ్యేవారు వాటిని ల్యాబులో ముద్రించుకుంటే యంత్రం, సిరా, కాగితం మూడింటి భారమూ ఉండదు. లేజర్ ప్రింటర్లలో పొడి రూపంలోని టోనరు ఎండిపోదు కాని, గృహ లేజర్ ప్రింటర్లు ఫోటోల నాణ్యతలో ఇంక్‌జెట్‌కు సాటి రావు.

పారవేయడం

పనికిరాని ప్రింటరును, గుళికలను చెత్తకుండీలో వేయరాదు. భారతదేశంలో ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమావళి మొదట 2012 మే 1 నుండి అమలులోకి వచ్చింది. 2022లో ప్రకటించిన కొత్త నియమావళి 2023 ఏప్రిల్ 1 నుండి అమలవుతున్నది. దీని పరిధిలో ప్రింటర్లు, వాటి గుళికలు కూడా ఉన్నాయి. నమోదైన పునఃచక్రీకరణ సంస్థల ద్వారా వీటిని శుద్ధి చేయించే బాధ్యత ఉత్పత్తిదారులపై ఉన్నది. పారవేసే ముందు కాగితపు చక్రాలు, అడాప్టర్లు, మంచి స్థితిలో ఉన్న హెడ్ వంటి భాగాలను మరమ్మతుదారులకు ఇస్తే అదే నమూనాకు చెందిన మరొక యంత్రం బాగుపడడానికి ఉపయోగపడతాయి.

నివారణ

పునరుద్ధరణ అవసరం రాకుండా చూసుకోవడం సులభం. వారానికి ఒకసారి, కనీసం రెండు వారాలకు ఒకసారి, అన్ని రంగులూ గల చిన్న బొమ్మను ముద్రిస్తే నాజిళ్ళలోని సిరా కదులుతూ ఉంటుంది. యంత్రాన్ని ఎల్లప్పుడూ దాని స్వంత మీటతో ఆపి, దీపం ఆరిన తరువాతనే గోడ స్విచ్చి తీయాలి. ఖాళీ అయినప్పటికీ కొత్తది సిద్ధమయ్యేంతవరకు పాత గుళికను బయటకు తీయకూడదు, ఏలననగా ఖాళీ స్థానం గుండా గాలి చేరి హెడ్ ఎండుతుంది. ఎండ తగలని చోట, గుడ్డ కప్పి యంత్రాన్ని ఉంచాలి. ఫోటో కాగితాన్ని మూత గట్టిగా బిగిసే డబ్బాలో భద్రపరచాలి. ఈ జాగ్రత్తలకు అయ్యే సిరా, ఒక్కసారి చేసే హెడ్ శుద్ధికి అయ్యే సిరా కంటే చాలా తక్కువ.